షిఫ్ట్ డ్యూటీ, గ్రూప్-2, అమ్మ కళ్లు, ఎల్ఎల్ఆర్, జిమ్... ముందు ఏది?

మధురవాడ_షిఫ్ట్:
మాది మధురవాడ, డ్యూటీ పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో, మూడు షిఫ్టులు. కంపెనీ బస్సులో రానూ పోనూ మూడు గంటలు. గ్రూప్-2 చదవాలి. అమ్మకి కంట్లో శుక్లం ముదురుతోందన్నారు, చూపించాలి. నాలుగు నెలల కిందట ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకున్నాను, ఒక్క రోజు కూడా కారు ముట్టుకోలేదు. జిమ్‌కి ఏడాది డబ్బు కట్టేసి తొమ్మిది రోజులు వెళ్లాను. ప్రతి ఆదివారం టైమ్‌టేబుల్ వేస్తాను, మంగళవారానికి అది ఎక్కడుందో కూడా తెలీదు. అన్నీ ముఖ్యమే అనిపిస్తున్నాయి, టెన్షన్‌తో ఏదీ చేయట్లేదు. ఎలా తేల్చుకోవాలి?

ఎన్ఏడీ_బాబాయ్:
ముందు లెక్క చూడు బాబూ. వారానికి 168 గంటలు. నిద్ర 49, డ్యూటీ 48, బస్సు 18, తిండీ స్నానం ఇంటి పనులు రోజుకి మూడేసి వేసుకున్నా 21. మిగిలింది 32. అది కూడా కాగితం మీదే, సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) వారంలో అందులో సగం మగతలోనే పోతుంది (నేను 22 ఏళ్లు చేశాను ఆ డ్యూటీ, తెలుసు). అందులో ఐదు పనులు పట్టవు. రెండు పడతాయి. మిగతా మూడూ మానేశానని కాదు, ఫలానా నెల దాకా ముట్టుకోనని ఇంట్లో అందరికీ చెప్పెయ్, సగం బరువు అక్కడే దిగుతుంది.

మద్దిలపాలెం_అక్క:
అమ్మ కళ్లు ముందు, ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? బి షిఫ్ట్ పడిన వారం పెట్టుకో, పొద్దుట ఓపీకి తీసుకెళ్లి మధ్యాహ్నం డ్యూటీకి పోవచ్చు. ఆపరేషన్ అయిన రోజే సాధారణంగా ఇంటికి పంపించేస్తారు, కానీ ఆ తర్వాత కొన్ని వారాలు చుక్కల మందు వేళకి వేయాలి, అదే అసలు పని. మా అత్తగారికి నేను సెల్‌లో అలారం పెట్టుకుని మరీ వేశాను. నువ్వు సి షిఫ్ట్‌లో ఉన్నప్పుడు ఎవరు వేస్తారో ఇప్పుడే మాట్లాడుకో.

బీచ్‌రోడ్_నడక:
ఉద్యోగం మానేసి ఏడాది కూర్చుని చదువు బ్రో, రెండు పడవల మీద కాళ్లు వద్దు.

ఎన్ఏడీ_బాబాయ్:
ఆ ఏడాది ఇంటి ఈఎంఐ నువ్వు కడతావా?

సీతమ్మధార_చదువు:
నేను ఒకటే చూస్తాను, ఆలస్యం చేస్తే ఏది పాడవుతుంది అని. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలే, నీకు రెండు నెలలుంది, దాటితే మళ్లీ మొదటికి. 30 రోజులు దాటాయి కాబట్టి పరీక్షకి ఇప్పుడే స్లాట్ తీసుకోవచ్చు, సెలవు రోజు పొద్దుటే డ్రైవింగ్ స్కూల్‌కి పో, అయిపోతుంది. జిమ్ డబ్బు ఎలాగూ పోయింది, దాని కోసం టైమ్ కూడా పోగొట్టుకోకు.

చదువు మాత్రం టైమ్ దొరికినప్పుడు అనుకుంటే అవదు, ఏ పని ఏ వేళకి సరిపోతుందో చూసుకోవాలి. పాలిటీ బస్సులో చదవొచ్చు, వినొచ్చు కూడా. మెంటల్ ఎబిలిటీకి పెన్నూ పేపరూ కావాలి, గాజువాక దగ్గర బస్సు ఎగిరెగిరి పడుతుంటే లెక్కలు రావు. అవి ఇంట్లో, నిద్ర తీరిన గంటలో. మెయిన్స్‌లో 150 మార్కులవి రెండు పేపర్లు, మొదటి దాంట్లో ఆంధ్ర చరిత్రా రాజ్యాంగమే కాబట్టి బస్సు చదువేమీ వేస్ట్ కాదు. సి షిఫ్ట్ వారం పుస్తకం తెరవకపోయినా తిట్టుకోకు, ఆ వారాన్ని లెక్కలోంచే తీసెయ్.

మధురవాడ_షిఫ్ట్:
అందరికీ థాంక్స్. జిమ్ బ్యాగు అటక మీద పెట్టేశాను. లైసెన్స్ స్లాట్ తీసుకున్నాను. అమ్మ దగ్గరే ఆగింది, సింహాచలం చందనోత్సవం అయ్యాక చూద్దాంలే అంది. ఇంకా మూడు నెలలుంది కదమ్మా, ఏడాదికోసారి దొరికే నిజరూప దర్శనం మసగ్గా చూస్తావా అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత నీ బి షిఫ్ట్ ఎప్పుడురా అని అడిగింది.