సమస్య: “పూవు రేయి విచ్చెఁ బొద్దు చూడ”

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడు పాదాలు పూరించాలి. వస్తువు: ఎడారి వసంతంలో పూలనూ జీవాలనూ ఫొటో తీయడం. గణయతులు కుదిరితే చాలదు, చెప్పిన పద్ధతి కెమెరా పట్టినవాడికి పనికిరావాలి.

పూరణ 1

జెముడు కొనను తెల్ల చెండువలె విరిసి
మధ్యదినము దాఁక మనును గాన
కోడి కూయ మున్నె కొలతలు సరిచూడు
పూవు రేయి విచ్చెఁ బొద్దు చూడ

విమర్శ: రేయి విచ్చిన పువ్వును పొద్దు చూడటమనే విరోధం చక్కగా విడిపోయింది. అమెరికా, మెక్సికోల్లోని సొనోరా ఎడారిలో పెరిగే సగువారో అనే పెద్ద జెముడు పువ్వు సరిగ్గా ఇంతే: రాత్రి విచ్చుకుంటుంది, మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఏప్రిల్ చివరినుంచి జూన్ దాకా పూత. రాత్రి గబ్బిలాలు, తెల్లవారాక తెల్లరెక్కల గువ్వలు, తేనెటీగలు వస్తాయి. అందుకే మూడో పాదంలో కోడి నాకు నచ్చలేదు. “గువ్వ వాలు మున్నె” అనండి. గు-కొ యతి చెల్లుతుంది, ఎడారి కూడా పద్యంలోకి వస్తుంది.

“కొలతలు” ఏమిటో చెప్పాలి కదా! పూలు మనిషి తలకు చాలా ఎత్తున ఉంటాయి, దూరపువాటిని దగ్గర చేసే 400 ఎంఎం లెన్సు కావాలి. మొగ్గలు ఎక్కువగా తూర్పువైపు వస్తాయి కనుక తూర్పున నిలబడితే తొలి ఎండ నేరుగా రేకుల మీద పడుతుంది. గువ్వ తల దూర్చి తాగుతుంది, మెడ కదులుతూనే ఉంటుంది. షట్టర్ వేగం 1/1000 సెకను కంటే నెమ్మదిస్తే పుప్పొడి అంటిన ముక్కు మసకబారుతుంది. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి, షట్టర్ తగ్గించకండి.

పూరణ 2

కొండనీడ వెనుకఁ గూర్చి, రేకులవెల్గు
కొలిచి తీయఁ జుట్టుఁ గురియు నిరులు
పట్టపగలె చిత్రపటమందు నీ రీతిఁ
బూవు రేయి విచ్చెఁ బొద్దు చూడ

విమర్శ: నా లెక్కన ఇదే మేలైన పూరణ. రేయి ఆకాశంలో లేదు, పటంలో ఉంది. ఎండలో ఉన్న పువ్వుకీ వెనకనున్న కొండనీడకీ వెలుగులో తేడా బాగా ఉంటే చాలు, వెనకంతా దాదాపు నల్లగా దిగిపోతుంది.

ఒక్క లోపం. “కొలిచి తీయ” అని ఊరుకున్నారు. తెల్లరేకు మీద స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటి వెలుగునే కొలవడం) పెడితే మీటరు ఆ తెలుపును బూడిదరంగుగా లెక్కవేస్తుంది, పువ్వు మాసిన గుడ్డలా వస్తుంది. కొలిచాక ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు) కుడి అంచును తాకితే రేకుల ఈనెలు చెరిగిపోయినట్టే, కొంచెం వెనక్కి రండి.

పూరణ 3

ఇసుకతిన్నె మీద నింగికేసి మొగము
సాఁచి చిమటఁ గోరి చల్లి తావి
మరల రేకు ముడుచు మరునాఁటి యెండకుఁ
బూవు రేయి విచ్చెఁ బొద్దు చూడ

విమర్శ: తిన్నెల మీద సాయంత్రం విచ్చే తెల్ల పువ్వు ఈవినింగ్ ప్రిమ్‌రోజ్‌ను ఎంచుకోవడం బాగుంది. యతి మాత్రం తప్పింది. “నింగి”లో నకారం ఆ పదానిదే, సంధివల్ల వచ్చింది కాదు. కాబట్టి ఇ-ని చెల్లదు. అర్థంలోనూ చిక్కుంది: ఎండకు ముడుచుకునే పువ్వును పొద్దు ఎప్పుడు చూసింది? చల్లని ఉదయాల్లో ఆ పువ్వు ఎండ ముదిరేదాకా విచ్చుకునే ఉంటుంది. ఆ మాట పద్యంలోకి రావాలి.

చిమటను తీసేవారికి: గాలిలో నిలిచి తేనె తాగే ఆ రెక్కల్ని చీకట్లో షట్టర్ ఆపలేదు. ఫ్లాష్‌ను 1/16 శక్తికి తగ్గిస్తే మెరుపు నిడివి కుదించుకుని రెక్కలు స్పష్టంగా పడతాయి. ఆటోఫోకస్ వెతుకులాటలో చిమట వెళ్లిపోతుంది. మాన్యువల్‌లో పువ్వు నోటి ముందు ముందే ఫోకస్ బిగించండి. అడుగు మాత్రం ఉన్న బాట మీదే వేయండి, తిన్నె మీద మొలకలు కంటికి ఆనవు.

సవరించిన పూరణ 3

ఇసుకతిన్నె మీద నిరులు సాఁగఁగఁ దావి
చల్లి చిమటఁ బిలిచి చలికి నిలిచి
ముదురుటెండ దాఁక ముడువని రేకులఁ
బూవు రేయి విచ్చెఁ బొద్దు చూడ

విమర్శ: “మీదన్ + ఇరులు”, ఇప్పుడు యతి నిలిచింది. “చలికి నిలిచి”తో చిక్కూ తీరింది.