కోత మిషన్ వదిలిన వరిగడ్డి: తగలబెట్టాలా, కుళ్ళబెట్టాలా?

విడవలూరు రైతు:
పెన్నా డెల్టాలో రబీ కోతలు ముగిశాక ఎడగారుకు, అంటే రబీ తరువాత వేసే రెండో వరి పంటకు, దొరికే వ్యవధి చాలా తక్కువ. అందువల్ల మిషన్ వెనక వరుసలుగా పడిన గడ్డిని చాలామంది తగలబెడుతున్నారు. కంపోస్టు చేయమని, కనీసం కలియదున్నమని అధికారులు చెబుతున్నారు. ఇది మన పొలాల్లో జరిగే పనేనా? కాల్చడం వల్ల నిజంగా ఎంత పోతుంది?

ఇందుకూరుపేట కౌలు రైతు:
జరిగే పని కాదని నా అభిప్రాయం. వచ్చే ఏడాది ఆ చేను నా చేతిలో ఉంటుందో లేదో తెలియనప్పుడు, గడ్డి పోగు చేయించే కూలి నేనెందుకు పెట్టుకోవాలి? పచ్చి గడ్డిని దమ్ములో తొక్కి వెంటనే నాటితే పైరు పసుపు రంగుకు తిరిగి ఎదగకుండా నిలబడిపోతుంది. పైగా కాల్చినా పొటాష్ బూడిదలోనే ఉంటుంది కదా.

ఒంగోలు వ్యవసాయ పట్టభద్రుడు:
పైరు సంగతి నిజమే. వరిగడ్డిలో కర్బనం నత్రజనికి సుమారు 80 రెట్లు ఉంటుంది; దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేల నుంచే లాక్కోవడం వల్ల కొన్ని వారాలపాటు పైరుకు అందదు. నీరు నిలిచిన మడిలో సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేర్లు కూడా దెబ్బతింటాయి. అయితే దున్ని, తడిపి, మూడు వారాలైనా ఆగి నాటితే ఇంత ఇబ్బంది ఉండదు.

బూడిద వాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మన 850 కిలోల పుట్టి చొప్పున ఎకరాకు మూడు పుట్లు పండితే, గడ్డి కూడా ఇంచుమించు అంతే, అంటే రెండున్నర టన్నులు వస్తుంది. అందులోని పొటాష్ రెండు బస్తాల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువుకు, నత్రజని 30 కిలోల యూరియాకు సమానం. మంట పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాష్ చాలావరకు మిగిలినా, బూడిద ఆ వరుసల్లోనే పడుతుంది గాని చేనంతా పరచుకోదు.

కుప్ప వేయడం కష్టమేమీ కాదు. గడ్డిని అడుగు మందాన పరచి, పేడ నీళ్ళు చల్లి, గట్ల మీది కానుగ, జిల్లేడు రొట్ట ఒక పొర వేసి, మళ్ళీ గడ్డి వేస్తూ నడుమెత్తు వరకు పేర్చాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలే జారాలి. ధారగా కారితే కుళ్ళు వాసన వస్తుంది, చుక్కే రాకపోతే కుప్ప చల్లబడి పని ఆగిపోతుంది. తడి సరిగ్గా కుదిరితే కొద్ది రోజుల్లోనే లోపల 60 డిగ్రీల దాకా వేడెక్కి కలుపు గింజలు చస్తాయి. ఆ ఎరువు ఎడగారుకు అందదు, అందనక్కరలేదు. తరువాతి రబీకి వేసుకోవచ్చు.

కనిగిరి పాడి రైతు:
మీరు కాల్చే గడ్డిని మా మెట్టలో వేసవిలో డబ్బు పెట్టి కొంటున్నాం. బేలర్‌తో కట్టలు కట్టించి అమ్మండి. కంపోస్టు కన్నా మేత ముందు.

విడవలూరు రైతు:
గడ్డి కనిగిరికి పోతే పేడ కూడా అక్కడే ఉంటుంది, ఆ రెండు బస్తాల పొటాష్ నేను కొనుక్కోవాలి. మా వీధిలో పశువులు తగ్గిపోయి పేడకే కరువు వచ్చింది. పేడకు బదులు, పంచాయతీ వారి ‘చెత్త నుంచి సంపద’ కేంద్రానికి చేరే తడి చెత్తను గడ్డితో కలపవచ్చా?

ఒంగోలు వ్యవసాయ పట్టభద్రుడు:
కలపవచ్చు. కూరగాయల తొక్కుల్లో నత్రజని, తడి ఎక్కువ. గడ్డిలో రెండూ తక్కువ.

కోవూరు వ్యవసాయ కూలీ:
నాట్లకు మడిలో దిగేది మేము. తడి చెత్త పేరుతో వచ్చే బుట్టలో బ్లేడు ముక్కలు, పగిలిన గాజు సీసాలు, షాంపూ ప్యాకెట్లు కూడా ఉంటాయి. అవి కుళ్ళవు, బురదలో కనబడవు. ఇంటి దగ్గరే వేరు చేసి, తయారైన ఎరువును జల్లెడ పట్టి ఇస్తే తప్ప అటువంటి చేలో మేము దిగము.

ఇందుకూరుపేట కౌలు రైతు:
కనిగిరి వారు కట్టకు ఎంత ఇస్తారో చెబితే నేను అగ్గిపెట్టె జోలికి పోను. కుప్ప వేసే పని మాత్రం భూమి యజమానులు చూసుకోవాలి. లేదంటే మూడేళ్ళకు కౌలు కాగితం రాసి ఇవ్వమనండి, అప్పుడు నేనే వేస్తాను.