పెళ్లి ఫొటోలు మా వాళ్లకు మాత్రమే చేరేలా ఎలా పంపాలి?

అందరికీ నమస్కారం. పోయిన నెల మా చెల్లి పెళ్లయింది. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు, వీడియోలు కలిపి 48 జీబీ ఉన్నాయి. తెనాలిలో పిన్నివాళ్లకీ, డాలస్‌లో బాబాయికీ పంపాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది కదా, అందుకే డాక్యుమెంట్‌గా పెట్టి చూశాను. క్లారిటీ బాగుంది, కానీ 1,900 ఫొటోలు అలా ఎన్ని రోజులు పంపను? గూగుల్‌లో పెట్టి లింక్ పంపుదామంటే, ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్స్, డ్రైవ్‌లో దాచిన ఫైళ్లు, పాత ఫొటోలు అన్నీ. నాకు మిగిలింది 4 జీబీ.

అసలు టెన్షన్ వేరే. లింక్ ఉన్నవాళ్లందరూ చూసేలా పెడితే అది ఏ గ్రూపులోకి పోతుందో చెప్పలేం. నిశ్చితార్థం ఫొటోలు అలాగే ఎవరో తీసుకెళ్లి సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా పెట్టేశారు. చెల్లి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పోనీ మెయిల్ ఐడీలు ఇచ్చి వాళ్లకే తెరుచుకునేలా పెడదామంటే, మా పిన్నికి మెయిల్ వాడటం రాదు.

గూగుల్‌లో ఒక్క నెలకు డబ్బు కట్టి ఎక్కువ స్థలం తీసుకుని, అందరూ డౌన్‌లోడ్ చేసుకున్నాక తీసేయడం మంచిదా? పిన్నికి మాత్రం పెన్‌డ్రైవ్ కొరియర్ చేసేయనా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.