తమ్ముడు రాత్రి ఒంటిగంట దాకా నడుస్తూనే ఉన్నాడు. జబ్బు ముదిరిందా, మందు వల్లా?

బోడుప్పల్ అక్క:

తమ్ముడికి 23 ఏళ్లు. బీటెక్ చివరి ఏడాదిలో మొదలైంది. పక్క ఫ్లాటు వాళ్లు గోడ అవతల నుంచి తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోనులో తన ఆలోచనలు ఎవరో చదివేస్తున్నారని అనేవాడు. నాలుగు నెలలు దర్గా అని, తాయెత్తు అని తిరిగి, చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే స్కిజోఫ్రీనియా అన్నారు. రిస్పెరిడోన్ 2 ఎంజీ ఇచ్చారు, నెల తర్వాత 4 చేశారు. మాటలు వినపడటం నిజంగానే తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. చాలా రోజుల తర్వాత మాతో కూర్చుని మ్యాచ్ చూశాడు.

కానీ 4 చేసిన వారం పది రోజులకు ఇంకో గొడవ మొదలైంది. కుదురుగా కూర్చోలేడు. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి ఒకటే తిరుగుడు. అన్నం కంచం చేత్తో పట్టుకుని నిలబడే తింటాడు, నిలబడ్డా ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి ఊగుతూనే ఉంటాడు. జబ్బు తిరగబెట్టిందేమో అని టెన్షన్ పడి, మామూలు డాక్టర్ ఊర్లో లేకపోతే దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు నిమిషాలు చూసి 6 ఎంజీ చేశారు. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. నాలుగు నెలల్లో 7 కిలోలు పెరిగాడు, అది వేరే బాధ. గోలీలు మాన్పించేద్దాం అంటోంది అమ్మ. నిన్న రాత్రి వాడు "ఇలా ఉండేకంటే లేకపోతేనే నయం అక్కా" అన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

సైకియాట్రీ పీజీ:

అక్కా, ముందు ఆ చివరి మాట గురించి. దాన్ని కోపంలో అన్న మాట అనుకోకండి. ఈరోజే మీ పాత డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి, దొరకకపోతే ఏదైనా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈలోపు తమ్ముణ్ణి ఒంటరిగా వదలొద్దు, గోలీల డబ్బా మీ దగ్గరే పెట్టుకోండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

ఇప్పుడు నడక సంగతి. చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసింది అకథీసియాలా ఉంది, అంటే మందు వల్ల వచ్చే కుదురులేనితనం. ఈ మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి, మాటలు తగ్గేది అందుకే. అదే అడ్డు కదలికలను నడిపించే భాగాల్లో కూడా పడితే లోపల నుంచి ఎవరో తోస్తున్నట్టు, ఒక్క చోట ఉండలేనట్టు అవుతుంది. మందు మొదలుపెట్టిన కొత్తలోనో, డోసు పెంచాకో వస్తుంది. చూసేవాళ్లకు అచ్చం జబ్బు పెరిగినట్టే కనిపిస్తుంది కాబట్టి డోసు పెంచుతారు, దాంతో ఇంకా ముదురుతుంది. మీ ఇంట్లో ఇదే జరిగిందని నా అనుమానం. ఆ బాధ భరించలేక చావు ఆలోచనలు వస్తాయని మాకు ప్రత్యేకంగా చెప్తారు, అందుకే ఫోన్ విషయం ముందు రాశాను.

డాక్టర్ దగ్గర "పిచ్చిగా తిరుగుతున్నాడు" అనకండి. "డోసు పెంచిన ఫలానా వారం నుంచి కూర్చోలేకపోతున్నాడు, నిలబడ్డా కాళ్లు మారుస్తున్నాడు, మాటలు మాత్రం వినపడటం లేదంటున్నాడు" అని చెప్పండి. ఆ తేదీలు, ఆ తేడా, ఇవే అసలు సమాచారం. దీనికి డోసు తగ్గించడం, మందు మార్చడం, లేదా ప్రొప్రానొలాల్ అనే ఇంకో మందు కలపడం చేస్తారు. ఆయాసం ఉన్నవాళ్లకు ప్రొప్రానొలాల్ పనికిరాదు కాబట్టి చిన్నప్పుడు ఆస్తమా ఏమైనా ఉంటే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి.

నేనూ పేషెంటునే:

నాకు ఇది 2016లో వచ్చింది. బయటి నుంచి చూసేవాళ్లకు నడుస్తున్నట్టే కనిపిస్తుంది కానీ లోపల ఎలా ఉంటుందంటే, ఆర్డినరీ బస్సులో రెండు గంటలు ఇరుక్కుని నిలబడి, దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా తలుపు తీయకపోతే ఒళ్లంతా ఎలా కొట్టుకుంటుందో అలా, పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా. మా నాన్న "కూర్చోరా" అని అరిచేవారు. దయచేసి తమ్ముణ్ణి కూర్చోమనకండి. నడవనివ్వండి, కుదిరితే పక్కన నడవండి. నాకు ఈ మందుల సైడ్ ఎఫెక్టులకు ఇచ్చే పాసిటేన్ అనే గోలీ ఇచ్చారు, కొంత పనిచేసింది కానీ నోరు ఎండిపోయేది, చదివింది గుర్తుండేది కాదు. చివరికి మందు మార్చాకే తగ్గింది.

గోలీలు మానేస్తానంటే నేను వాడినేమీ అనను, ఎందుకంటే నేనూ మానేశాను. మానేసిన మొదటి నెల చాలా హాయిగా ఉంది, అందుకే నమ్మేశాను. మూడో నెలలో మాటలు తిరిగొచ్చాయి, ఉద్యోగం పోయింది. మానేసేంత బాధగా ఉందని డాక్టర్‌కు నేరుగా చెప్పి ఉంటే ఇంకో దారి దొరికేది.

సైకియాట్రీ పీజీ:

పాసిటేన్ గురించి ఒక మాట. మెడ ఒక పక్కకు పట్టేయడం, కళ్లు పైకి గుంజుకుపోవడం, చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం లాంటివాటికి అది బాగా పనిచేస్తుంది. ఈ కుదురులేనితనానికి అంత గట్టి మందు కాదు. ఇంకొకటి, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి గట్టి జ్వరం, చెమటలు, మాట తడబాటు వస్తే అది ఎమర్జెన్సీ, పారాసిటమాల్ వేసి చూద్దాం అని ఆగొద్దు. అన్నట్టు మన ఎండాకాలంలో ఈ మందుల మీద ఉన్నవాళ్లకు వడదెబ్బ తొందరగా తగులుతుంది, మధ్యాహ్నం బయట తిప్పకండి, నీళ్లు అడిగి అడిగి తాగించండి.

చింతల్ నుంచి ఒక అమ్మను:

అమ్మా, మా బాబుకు రెండు మందులు సరిపడా డోసులో, సరిపడా రోజులు వాడినా మాటలు తగ్గకపోతే క్లోజాపిన్ పెట్టారు. వణుకు, బిగుసుకుపోవడం దాంతో దాదాపు లేవు. కానీ తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉందని మొదటి 18 వారాలు వారం వారం రక్తం తీయించాం, ఇప్పుడు నెలకోసారి. గొంతునొప్పి, జ్వరం వస్తే వెంటనే పరీక్ష. రాత్రి నోట్లోంచి చొంగ కారి దిండు తడిసిపోతుంది, నేను దిండు మీద పాత లుంగీ మడిచి వేస్తాను, పొద్దున్నే తీసి ఉతుకుతాను. విరేచనం మాత్రం రెండు రోజులు కాలేదంటే ఊరుకోవద్దు, ఈ మందుతో పేగులు కదలడం ఆగిపోయి ప్రాణం మీదకు వస్తుందని మాకు గట్టిగా చెప్పారు. సిగరెట్ తాగే పిల్లవాడైతే ఒక్కసారిగా మానేసినా రక్తంలో మందు పెరిగిపోతుంది, ముందే చెప్పాలి.

బరువు సంగతి చిన్నది కాదు. నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ మందు మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూడాలి. మా వాడికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ కలిపారు. నేను రాత్రి అన్నం మాన్పించి జొన్న రొట్టె పెడుతున్నా, ఆకలి మందు వల్ల వస్తోంది కాబట్టి "తిండిబోతు" అనే మాట మా ఇంట్లో బంద్ చేశాం.

ఖర్చు భారంగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్లండి, మందులు ఉచితంగా ఇస్తారు. ఆ ఊరి పేరును తిట్టులా వాడతారని నేను రెండేళ్లు మొహమాటపడి అప్పు చేశాను. ఆ రెండేళ్లు తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

బోడుప్పల్ అక్క:

అందరికీ దండం. ఆ రోజే పాత డాక్టర్‌కు ఫోన్ చేశాను, సాయంత్రానికి రమ్మన్నారు. తేదీలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. వాణ్ణి నిలబెట్టి చూశారు, కూర్చోబెట్టి చూశారు, చావు గురించి వాణ్ణే నేరుగా అడిగారు. నేనైతే ఆ మాట అడగడానికే భయపడ్డాను. వాడు మాత్రం చెప్పుకున్నాడు. అకథీసియానే అన్నారు. 6 నుంచి 3కు తగ్గించి, ప్రొప్రానొలాల్ ఇచ్చి, వారంలో మళ్లీ రమ్మన్నారు. మాటలు తిరిగొస్తే వేరే మందుకు మారుద్దాం అన్నారు.

ఇవాళ తొమ్మిదో రోజు. నడక పూర్తిగా పోలేదు. రాత్రి పదకొండుకు పడుకుంటున్నాడు. మధ్యాహ్నం దోసకాయ పప్పు వేసుకుని కింద కూర్చుని తిన్నాడు, మజ్జిగ దాకా లేవలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. పరగడుపు షుగర్ 108 వచ్చింది, దాని గురించి మంగళవారం అడుగుతాను.