హెచ్4 మీద వచ్చాను, చదివింది బీకామ్. కోడింగ్ సొంతంగా నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకోవచ్చా?

ఇర్వింగ్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది. నేను బీకామ్ చేసి 5 ఏళ్ళు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ట్యాలీ మీద పనిచేశాను. పెళ్ళయ్యాక 4 నెలల కిందట హెచ్4 (హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఇక్కడికి, అమెరికాలో టెక్సాస్‌కి వచ్చాను. మా వారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అప్రూవ్ అయింది. నా ఈఏడీకి, అంటే ఉద్యోగం చెయ్యడానికి అనుమతి కార్డుకి, అప్లై చేశాం, కార్డు ఇంకా రాలేదు.

ఈలోగా కోడింగ్ నేర్చుకోవాలని ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. 3 నెలలు ఆన్‌లైన్లో ట్రైనింగ్ ఇస్తారట, రెజ్యూమేలో 7 ఏళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి వాళ్ళే మార్కెటింగ్ చేస్తారట. ఇంటర్వ్యూలో జవాబులు చెప్పడానికి మనిషిని కూడా పెడతారట. నాకు మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా? దయచేసి చెప్పండి.

ప్లేనో నుంచి జవాబు

చెల్లీ, మనసొప్పడం లేదన్నావు చూడు, ఆ మాట దగ్గరే గట్టిగా నిలబడు. వాళ్ళకి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పెయ్యి.

నేను 2013లో వచ్చాను. అంతకుముందు ఖమ్మంలో హైస్కూల్ పిల్లలకి బయాలజీ చెప్పేదాన్ని. అప్పట్లో హెచ్4 వాళ్ళు ఉద్యోగం చేసే వీలే లేదు. భర్తకో భార్యకో ఐ-140 అప్రూవ్ అయినా, హెచ్1బీ 6 ఏళ్ళు దాటి పొడిగించినా, హెచ్4 మీద ఉన్న వాళ్ళ జోడీకి ఈఏడీ ఇచ్చే రూలు 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అది వచ్చేదాకా 2 ఏళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఆ 2 ఏళ్ళలోనే నేర్చుకున్నాను. కార్డు రాలేదని బెంగ పెట్టుకోకు. చదువుకోవడానికి హెచ్4 అడ్డు కాదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో: కార్డు చేతికొచ్చేదాకా ఏ కంపెనీకీ పని చెయ్యొద్దు. జీతం లేకుండా అనుభవం కోసమని పిలిచినా వెళ్ళొద్దు. ఇండియాలోని ఆఫీసుకి ఇక్కడ కూర్చుని చేసే పనైనా సరే, లాయర్ని అడగందే ముట్టుకోవద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళ సీఎస్50 అనే ఆన్‌లైన్ కోడింగ్ కోర్సు ఉచితంగా దొరుకుతుంది. డేవిడ్ మలాన్ గారు చెబుతారు. మొదటి పాఠం స్క్రాచ్, పిల్లలు బొమ్మలతో ఆడుకునే భాష. తర్వాత సీ భాష. నాలుగో వారంలో మెమరీ, పాయింటర్లు (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాలు) వస్తాయి. చాలామంది అక్కడే వదిలేస్తారు. నేనూ ఆ వారం పాఠానికి 5 వారాలు తీసుకున్నాను. అక్కడ ఆగిపోవద్దు, ఎన్ని వారాలైనా కూర్చో. అది దాటితే ఆరో వారం పైథాన్ భాష, ఏడో వారం ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్ నుంచి వివరాలు అడిగి తీసే భాష. నీకు అసలు పని అక్కడుంది.

పాఠాలు చూసినంత మాత్రాన రాదు. ఆయన టైప్ చేస్తుంటే మనమూ టైప్ చేస్తాం, నడుస్తుంది, వచ్చేసిందనుకుంటాం. మర్నాడు ఖాళీ ఫైలు ముందు కూర్చుంటే ఒక్క లైను కూడా రాదు. వంట వీడియో చూసినవాళ్ళందరికీ పులిహోర కుదురుతుందా? అందుకని ఒక గంట పాఠం చూస్తే 2 గంటలు దాన్లో ఇచ్చిన లెక్కలు చెయ్యి. ఎర్రర్ వస్తే చివరి లైను నుంచి పైకి చదువు. పైథాన్ ఏ ఫైల్లో, ఏ లైనులో తప్పిందో స్పష్టంగానే చెబుతుంది, మనమే కంగారులో చదవం.

రెండు నెలలయ్యాక నీ సొంత ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టు. అందరూ చేసే టుడూ లిస్టు (చెయ్యాల్సిన పనుల జాబితా), వాతావరణం యాప్ వద్దు. మీ నాన్నగారి కొట్టు ఖాతా పుస్తకం ఉందిగా! ఎవరు ఎంత బాకీ, ఎప్పుడు ఎంత జమ చేశారు, పండగ ముందు ఎవరిని అడగాలి. దాన్ని ఎస్‌క్యూలైట్లో పెట్టు. అది ఉచితం, డేటాబేస్ అంతా ఒకే ఫైల్లో ఉంటుంది, సర్వర్ అక్కర్లేదు.

అది చేస్తుంటే ఏ కోర్సూ చెప్పనివి ఎదురవుతాయి. పైథాన్లో 0.1 + 0.2 అని కొట్టి చూడు. 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ లెక్క 0, 1 అనే రెండు అంకెల మీదే నడుస్తుంది కాబట్టి 0.1 అందులో సరిగ్గా ఇమడదు. అందుకే డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచుకోవాలి. ట్రయల్ బ్యాలెన్స్‌లో పైసా తేడా వస్తే రాత్రంతా కూర్చున్న మనిషివి, ఇది ఎందుకు ముఖ్యమో నీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అలాగే 5-3 అంటే మీ నాన్నగారికి మార్చి 5, ఇక్కడివాళ్ళకి మే 3. అందుకని 2024-03-05 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తారు. అలా రాస్తే వరసలో పెట్టడం కూడా తేలిక.

నీ 5 ఏళ్ళ అకౌంట్స్ పని చిన్నది కాదమ్మా. దాన్ని దాచేసి అబద్ధపు 7 ఏళ్ళ అనుభవం పెట్టుకోవడమేంటి? బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో డెబిట్ క్రెడిట్ తెలిసి ఎస్‌క్యూఎల్ రాయగలిగినవాళ్ళు కావాలి. రిపోర్ట్ డెవలపర్, డేటా అనలిస్ట్, ఫైనాన్స్ సిస్టమ్స్ అనలిస్ట్ అన్న పేర్లతో వెతుకు. నేను కూడా టెస్టింగ్‌లో చేరి, ఏడాదిన్నర తర్వాత డెవలపర్ టీమ్‌లోకి మారాను.

ఫ్రిస్కో నుంచి జవాబు

అక్క గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మా టీమ్‌కి ఇంటర్వ్యూలు నేనే చేస్తాను. రాతకోతలన్నీ చూశాక నేను అడిగేది ఒకటే. మీ ప్రాజెక్టు తెరవండి, ఇందులో ఈ ఒక్కటి మార్చి చూపించండి అంటాను. సొంతంగా రాసినవాళ్ళు ఏ ఫైలుకి వెళ్ళాలో తడుముకోకుండా వెళ్తారు. మార్పు పూర్తి కాకపోయినా పర్వాలేదు, ఎలా ఆలోచిస్తున్నారో కనబడుతుంది. పక్కన ఎవరో చెబుతుంటే వినిపించే ఆ చిన్న ఆలస్యం కూడా మాకు తెలుస్తుంది. మనవాళ్ళ పేరు చూడగానే కొన్ని చోట్ల కెమెరా చుట్టూ తిప్పి గది చూపించమంటున్నారు. నిజాయితీగా చదువుకుని వచ్చిన మన పిల్లలకి ఆ అవమానం ఎందుకు జరగాలి? నాకు చాలా బాధగా ఉంటుంది.

ఏఐ గురించి కూడా చెప్పాలి. నేర్చుకునేటప్పుడు దానితో కోడ్ రాయించుకోవద్దు. ముందు మీరు రాసి, ఎందుకు తప్పిందో వివరించమని అడగండి. ఉద్యోగంలో చేరాక అందరం వాడతాం, కానీ అది ఇచ్చినదాన్లో తప్పు పట్టగలగాలి కదా.

గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టే సాధనం) మొదటి రోజు నుంచే వాడండి. ఆ కోడ్‌ని అందరికీ కనబడేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో 6 నెలల పాటు కొంచెం కొంచెంగా ఎదిగిన ప్రోగ్రాం ఒకే రోజు పెట్టిన 10 ప్రోగ్రాముల కన్నా నమ్మకంగా ఉంటుంది. రీడ్‌మీలో (ప్రోగ్రాంతో పాటు పెట్టే పరిచయం ఫైలు) ఇది ఎవరి కోసం రాశారో తప్పకుండా రాయండి.

మార్కెట్ సంగతి దాచను. 2022 చివర్లో పెద్ద కంపెనీలు మనుషుల్ని తీసెయ్యడం మొదలైన దగ్గర్నుంచి కొత్తవాళ్ళకి కష్టంగానే ఉంది. ఏడాది, ఏడాదిన్నర పడుతుందనుకుని ఇంటి ఖర్చులు ఆలోచించుకోండి.

అలెన్ నుంచి జవాబు

అందరూ నీతులు చెబుతున్నారు గానీ, ప్రాక్టికల్‌గా చూడండి. మా చుట్టాల్లో నలుగురు కన్సల్టెన్సీ ద్వారానే సెటిలయ్యారు, ఇళ్ళు కొనుక్కున్నారు. సున్నా అనుభవంతో రెజ్యూమే పంపితే ఎవరూ పిలవరు.

ప్లేనో నుంచి మళ్ళీ

తమ్ముడూ, ఆ నలుగురి గురించి నువ్వు చెప్పినట్టే నేను ఇంకొకరి గురించి చెప్పగలను. మా అపార్ట్‌మెంట్లోనే ఒక అమ్మాయి అలాగే చేరింది. పని రాదు కాబట్టి ఇండియాలో ఒకతనికి నెలనెలా డబ్బు పంపి రాత్రిళ్ళు చేయించుకునేది. ఐదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడి తీసేశారు. ఎక్కడ పనిచేశామో చూసుకోవడానికి ఇక్కడ ద వర్క్ నంబర్ లాంటి రికార్డులు ఉన్నాయి. ఉద్యోగం పోవడం ఒకెత్తు. రేపు ఈ ఇర్వింగ్ అమ్మాయి పేరు మీదే హెచ్1బీయో గ్రీన్ కార్డో వేసినప్పుడు ఆ లేని అనుభవమే కాగితాల్లోకి ఎక్కితే, అది ఇమిగ్రేషన్‌కి అబద్ధం చెప్పినట్టవుతుంది. తెలిసి చేశారని తేలితే దేశంలోకి రావడానికే అనర్హులవుతారు. భర్త కూడా చిక్కుల్లో పడతాడు. ఆ భయంతో ఇల్లు కొనుక్కుని ఏం నిద్రపడుతుంది?

అనుభవం సున్నా అన్నావు. ఇర్వింగ్ అమ్మాయిది సున్నా కాదు, 5 ఏళ్ళు. ఆ 5 ఏళ్ళే ఉన్నది ఉన్నట్టు రాద్దాం. రెజ్యూమే నాకు పంపించు చెల్లీ, ఆదివారం కూర్చుని చూస్తాను. లైబ్రరీ కార్డు కూడా తీసుకో. ఇంట్లో కన్నా అక్కడ చదువు సాగుతుంది.

ఇర్వింగ్ నుంచి, 7 వారాల తర్వాత

అక్కా, అన్నయ్య గారూ, నమస్కారం. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. సీఎస్50లో నాలుగో వారం దగ్గరున్నాను, అక్క చెప్పినట్టే చాలా కష్టంగా ఉంది. ఆగలేక ఖాతా పుస్తకం ముందే మొదలుపెట్టాను. నాన్నగారి చేత 12 పేజీలు ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. ఆయన ఎంత సంతోషపడ్డారో! రోజూ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందమ్మా అంటున్నారు.

ఒక చోట ఆగిపోయాను. ఒకే మనిషి ఒక పేజీలో వెంకటేశ్వర్లు, ఇంకో పేజీలో వెంకటేశులు, మూడో పేజీలో వెంకన్న. బాకీ కూడితే ముగ్గురిగా వస్తున్నాడు. ఇద్దరు వేరే మనుషులకేమో ఒకటే పేరు. ఇంకో చోట పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంది, అయినా కలవడం లేదు. ఏం చెయ్యాలి?

ప్లేనో నుంచి జవాబు

చాలా మంచి చోట ఆగావు. పేరు మీద ఎప్పుడూ కలపొద్దు. ఖాతాదారుల టేబుల్ వేరుగా పెట్టి ఒక్కో మనిషికి ఒక నంబరు ఇవ్వు. జమ, బాకీ లైన్లలో పేరు ఉండకూడదు, ఆ నంబరే ఉండాలి. పిలుపు పేర్లు, స్పెల్లింగులు ఇంకో చిన్న టేబుల్లో పెడితే ఒకే నంబరుకి ఎన్ని పేర్లయినా ఉండొచ్చు. ఏ వెంకన్న ఎవరో తేల్చాల్సింది మీ నాన్నగారే. కాబట్టి జాబితా రాసి ఈ రాత్రి ఫోన్లో ఆయన్నే అడుగు.

ఒకేలా కనిపించే పేరు కలవకపోతే రెంటికీ లెన్ (పొడవు చెప్పే పైథాన్ ఫంక్షన్) వేసి చూడు. తెలుగు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి పడుతుంటుంది, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్లో దాని నంబరు 200సీ. ఒక పేరులో అది ఉండి రెండోదాన్లో లేకపోతే పొడవు తేడా వస్తుంది. లెన్ చూసేటప్పుడు ఇంకోటి తెలుసుకో, క్ష అన్న ఒక్క అక్షరానికి పైథాన్ 3 అని చెబుతుంది, క, పొల్లు, ష విడివిడిగా లెక్కపెట్టి. అది తప్పు కాదు. దాచేముందు ఆ కనపడని గుర్తుని తీసేసే చిన్న ఫంక్షన్ రాయి. రాసి గిట్‌హబ్‌లో పెట్టాక లింకు ఇవ్వు, నేనూ ఫ్రిస్కో తమ్ముడూ చూస్తాం.