టేబుల్ పేర్లు 30 అక్షరాలు దాటొద్దు అనే రూల్ ఇంకా అవసరమా?

మిల్లు_డేటా (మిర్యాలగూడ):
అన్నలూ, మాది రైస్ మిల్లుల సాఫ్ట్‌వేర్, ఇన్నిరోజులు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీదనే నడిచింది, ఇప్పుడు ఒక కస్టమర్ మాకు ఒరాకిల్ డేటాబేసే కావాలె అంటుండు. మా సీనియర్ ఏమో ఏ పేరైనా 30 దాటొద్దని రూల్ పెట్టిండు. ప్యాడీ_ప్రొక్యూర్‌మెంట్_మాయిశ్చర్_డిడక్షన్ అనేది ఇంగ్లీషుల రాస్తే 36 అక్షరాలు, దాన్ని కోసి పీపీ_ఎంఎస్‌టీ_డెడ్ అని పెడితే రేపు కొత్తగ వచ్చిన పిల్లగానికి ఏం సమజైతది?

పాలమూరు_పోరడు:
30 అనేది పాత ఒరాకిల్ ముచ్చట తమ్మి. ఒరాకిల్ 12.2 వెర్షన్ నుంచి 128 బైట్లు (ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు) ఇస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 128 అక్షరాలు, మైఎస్‌క్యూఎల్ 64, మీ పోస్ట్‌గ్రెసే అందరికన్న తక్కువ, 63 బైట్లు. 60 లోపల పెట్టుకో, ఖతం.

దేవరకొండ_డీబీఏ:
ఖతం కాదు భయ్. 12.2 ఉంటే సరిపోదు, కంపాటిబుల్ అనే పారామీటర్ (సెట్టింగ్) గూడ 12.2 కి పెంచాలె, పెంచితే మళ్ల తగ్గించరాదు, అందుకే చానమంది డీబీఏలు (డేటాబేస్ చూసుకునేటోళ్లు) దాన్ని ముట్టరు. దాని తర్వాతి వెర్షన్ 19సీ వేసుకొని గూడ 30 కాడనే ఆగినోళ్లు ఉంటరు.
అయినా ఒరాకిల్ నయం, పేరు పొడుగైతే ఎర్రర్ కొట్టి ఆపుతది. పోస్ట్‌గ్రెస్ సప్పుడుగాక 63 దగ్గర కోసేస్తది, ఒక నోటీస్ ఇస్తది గానీ లాగ్‌ల ఎవడు చూస్తడు? నెలకో టేబుల్ చేసుకుంట చివర 2024_10, 2024_11 అని తగిలిస్తే, ముందరి పేరే 63 నిండితే ఆ నెల కాస్త ఎగిరిపోతది. క్రియేట్‌ల ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ (లేకుంటేనే చెయ్యి) అని ఉందనుకో, నవంబర్ టేబుల్ ఆల్రెడీ ఉందని స్కిప్ కొడతది, ఇన్సర్ట్‌ల పేరు గూడ గట్లనే కోస్తది, నవంబర్ లారీల లెక్కలన్నీ అక్టోబర్ టేబుల్ల పడతయ్. స్క్రిప్టు మాత్రం సక్సెస్ 😀 పేరుల నెల ముందల పెట్టుండ్రి.

సూర్యాపేట_కోడర్:
తెలుగుల పేర్లు పెడితే పాయె, అందరికీ సమజైతయ్ కదా?

దేవరకొండ_డీబీఏ:
యూటీఎఫ్-8 అని కంప్యూటర్ల అక్షరాలు దాచే పద్ధతి ఉంటది, దాంట్ల తెలుగుకు ఒక్కో కోడుకు 3 బైట్లు, గుణింతం వేరే, పొల్లు వేరే. "మిర్యాలగూడ" అనంగనే 30 బైట్లు అయిపోతయ్, ఇగ మిల్లు పేరు ఏడ రాస్తవ్?

పాలమూరు_పోరడు:
సరే గానీ చేత్తో రాసే పేర్లతోని బాధ లేదన్నా, టూల్ తయారుచేసే ఫారిన్ కీ (టేబుళ్లను కలిపే లింకు), ఇండెక్స్ (జల్ది వెతికేటందుకు పెట్టే పట్టీ) పేర్లే పొడుగైతయ్, టేబుల్ పేరు, కాలమ్ పేరు రెండూ అతికిస్తది కదా. గవి మనమే పొట్టిగ రాసుకుందాం, టేబుళ్లకు ఆ 30 శిక్ష ఎందుకు?

దేవరకొండ_డీబీఏ:
తమ్మి, ముందుగాల ఆ కస్టమర్ డీబీఏతోని షో పారామీటర్ కంపాటిబుల్ అనే కమాండ్ కొట్టిచ్చి ఫొటో పంపుమను. అందాక మీ సీనియర్ చెప్పిన 30 నే.