రోమ్‌కా, ఇస్తాంబుల్‌కా? నాన్నగారితో ప్రయాణానికి మీ సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారిని ఈ దసరా సెలవుల్లో విదేశానికి తీసుకెళ్లి, నాలుగైదు రోజులు ఒకే నగరంలో తీరిగ్గా తిప్పాలని అనుకుంటున్నాను. రోమ్, ఇస్తాంబుల్‌లలో ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.

1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారని మాకు చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చిన ఆయనకు, రోమ్‌లోని పాంథియన్ అనే ప్రాచీన ఆలయపు గుమ్మటంలో కూడా పైకి పోయేకొద్దీ కాంక్రీటులో తేలికైన అగ్నిపర్వత శిలను కలిపారని తెలిసినప్పటి నుంచి దానిని కళ్లారా చూడాలన్న కోరిక బలంగా ఉంది. దాదాపు 43 మీటర్ల వెడల్పున్న ఆ గుమ్మటంలో ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. నడినెత్తిన తెరిచి ఉంచిన గుండ్రని రంధ్రం నుంచే ప్రధానంగా లోపలికి వెలుగు వస్తుంది.

ఇస్తాంబుల్‌లోనేమో 537లో చర్చిగా పూర్తయి, ఇప్పుడు మసీదుగా ఉన్న హగియా సోఫియా ఉంది. దానికి దగ్గర్లోనే, రెండు స్తంభాల కింద మెడూసా (గ్రీకు పురాణాల్లో పాములే జుట్టుగా ఉన్న స్త్రీ) తలల శిల్పాలను ఒకటి తలకిందులుగా, మరొకటి పక్కకు తిప్పి పెట్టిన భూగర్భ జలాశయం ఉంది. పడవలో బోస్ఫరస్ జలసంధి దాటి యూరప్ నుంచి ఆసియా ఒడ్డుకు చేరడం కూడా నాన్నగారికి నచ్చుతుందనే నా నమ్మకం.

అయితే ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి, పైగా శుద్ధ శాకాహారి. రోమ్ పాత వీధుల్లో పరిచిన ఎగుడుదిగుడు రాళ్లు, ఇస్తాంబుల్‌లోని ఎత్తుపల్లాలు, ఈ రెండింటిలో పెద్దవారికి ఏది తక్కువ ఇబ్బంది? ఏ ప్రాంతంలో బస చేస్తే నడక తగ్గుతుంది? పెద్దవారితో వెళ్లివచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.